పెట్టె పుస్తకంలో మూడో గడి

4012వ రోజు. ఆదివారం
సాయంత్రం 84. తెల్లారి 52.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ఇది పన్నెండోది. మొదటి పేజీలో ఇంటి వివరాలు రాయాలని పెట్టెలిచ్చే కేంద్రం నియమం కనుక రాస్తున్నాను.

మెట్ట మీద తొమ్మిదో గడప. పాత ఊరు సముద్రంలో ఉంది. కప్పు మీద ఎండ పట్టే పలకలు తొమ్మిది, ఆ ఎండను దాచే పెట్టె ఒకటి. మనుషులం ముగ్గురం. నేను దాలమ్మ, యాభై ఏడు. చెల్లెలు రవణమ్మ, యాభై మూడు. తమ్ముడు లోకనాథం, నలభై ఎనిమిది; అక్కలం మమ్మల్ని పెద్దప్పా, చిన్నప్పా అంటాడు. అతనికి కిడ్నీలు రెండూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం పూట నాలుగేసి గంటలు మిషను మీద ఉంటాడు. రక్తం బయటికి వచ్చి, కడిగించుకుని మళ్లీ లోపలికి పోతుంది. మిషను నడిచేది పెట్టె మీద.

పుస్తకంలో గడులు మూడు. పొద్దుగూకేసరికి పెట్టె నూటికి ఎంత నిండింది, తెల్లారేసరికి ఎంత మిగిలింది, విశేషాలు. నెలాఖరుకి కేంద్రం మనిషి వచ్చి అసలు కాగితాలు పట్టుకుపోతాడు, నకలు మాకు ఉంటుంది.

విశేషాలు: ఆదివారం పూజ చేశాను. సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి, పెట్టెకు పసుపు రాసి, ఐదు బొట్లు పెట్టి, గ్లాసు పాలు పోశాను. పెట్టె చప్పుడు బొంగురుగా ఉంది. దుమ్ము కాబోలు.

4015వ రోజు. బుధవారం
సాయంత్రం 79. తెల్లారి 0.

ఈ ఇంట్లో సున్నా పడడం ఇదే మొదలు.

ఆరింటికి మిషను పెట్టాం. ఎనిమిదిన్నరకు ఆగిపోయింది. దీపం కూడా పోయింది. రక్తం గొట్టాల్లో నిలబడిపోయింది. అలా ఉంటే గడ్డకడుతుంది. మిషను పక్కన చేతిపిడి ఉంటుంది. పదకొండేళ్లలో దాన్ని తుడవడమే తప్ప తిప్పలేదు. రవణమ్మ తిప్పింది, నేను నూనె దీపం పట్టుకున్నాను.

"మెల్లగా తిప్పవే చిన్నప్పా. అది నా రక్తం, చెరుకురసం కాదు" అన్నాడు లోకనాథం.

"నోరు ముయ్యరా. లెక్క తప్పుతాను."

పది నిమిషాలు పట్టింది. అతని రక్తం అతనికి చేరింది. కేంద్రానికి కబురు పెట్టాం. దేవుడికి దండం.

4018వ రోజు. శనివారం
సాయంత్రం 28. తెల్లారి 9.

నిన్న మిషను గంటన్నర నడిచింది, అంతే.

ఇవాళ కేంద్రం నుంచి తవిటయ్య వచ్చాడు. ఈ పెట్టెను బిగించింది కూడా అతనే. నాలుగు మరలు తీసి, తలుపు దించి, లోపలికి తొంగి చూశాడు.

"దాలమ్మప్పా, ఇలాగొచ్చి చూడు."

చూశాను. లోపల గాలిపంకా మీద పచ్చటి పెచ్చు కట్టింది. కింద రాగి తీగలు ఆకుపచ్చగా మారాయి. పుల్లటి వాసన.

"ఏటప్పా ఇది?"

"పసుపు."

"పసుపని తెలుస్తన్నాది. దీన్లోకి ఎలాగొచ్చింది?"

"నేనే రాశాను."

"ఎన్నాళ్ల బట్టి?"

"పెట్టె దిగిన ఆదివారం బట్టి."

అతను నేల మీద చతికిలబడ్డాడు. "ఈ తెల్లటిది పాలు గానీ కాదు గదా?"

"పాలే. మామూలు వారాల్లో గ్లాసు. రథసప్తమికి చెంబుడు."

"అప్పా, ఈ ఐదు బొక్కలూ పెట్టెకి ఊపిరాడ్డానికి పెట్టినారు. కొలత తీసినట్టు వాటి మీదే బొట్లు పెట్టినావు."

ఐదు గుండ్రాలు వరసగా ఉంటే బొట్ల కోసమే చేశారనుకున్నాను. అదే చెప్పాను. అతను నవ్వలేదు.

పెట్టె లోపల ఎండ దాచే పది అరల్లో మూడే బతికున్నాయట. చచ్చినవి తిరిగి లేవవట.

"గ్యారంటీ పద్నాలుగేళ్లు. ఇంకా మూడేళ్లున్నాది. దుమ్ము పట్టి పోయిందని రాసి పంపుతాను, కొత్త పెట్టె వస్తాది. నువ్వు మాత్రం ఈ పూజ ఊసు ఎక్కడా ఎత్తకు" అన్నాడు.

"పుస్తకంలో రాశాను బాబూ."

"ఏ వారం రాసినావు?"

"ప్రతి వారం."

మరలు బిగించాడు. పోతూ ఒక దండం పెట్టాడు. నాకో, పెట్టెకో తెలియలేదు.

4019వ రోజు. ఆదివారం
సాయంత్రం 24. తెల్లారి 6.

పెరట్లో మట్టిలో అర్ఘ్యం వదిలాను. పెట్టె దగ్గరికి పోలేదు.

అన్నం వడ్డిస్తూ రవణమ్మ అడిగింది.

"పూజ చేస్తే చేశావు. రాయకుండా ఉండలేకపోయావా అప్పా?"

"విశేషాలు రాయమన్నారు కదే."

"పెట్టె విశేషాలు. నీ భక్తి విశేషాలు కాదు."

ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

4020వ రోజు. సోమవారం
సాయంత్రం 22. తెల్లారి 5.

ఒక ఇంటి పెట్టె ఇంకో ఇంటికి పనిచేయదు. తీగ కలిపితే రెండూ బిగుసుకుపోతాయి. అది కేంద్రం ఏర్పాటు.

ఎదురింటి పార్వతీశం వచ్చి, "తీగ కలపకూడదన్నారు గానీ మనిషిని కలపకూడదన్లేదు గదా. మా ఇంటికే తెచ్చీండి" అన్నాడు. మిషనునూ నీళ్ల వడపోతనూ మంచం మీద పెట్టి నలుగురు మోశారు. లోకనాథం వెనకాల నడుస్తూ, "నేను నడుస్తన్నాను, మిషను మంచమెక్కింది" అన్నాడు. నాలుగు గంటలూ నిండుగా జరిగింది.

కానీ పార్వతీశం పెట్టె ఆరుకి పడింది. వడగాలికి తలదాచుకునే వాళ్ల చల్లగది ఆగింది. గాలి కూడా కాలిపోయే రోజులు. వాళ్లమ్మకు ఎనభై రెండు. వడకొట్టి మాట పడిపోయింది. తడిగుడ్డలు కప్పి, మజ్జిగ పట్టించగా తెల్లారాక కళ్లు తెరిచింది.

ఈ మెట్ట మీద ఇళ్లు పన్నెండు. పన్నెండు పెట్టెలూ పాతవే. ఎవరికి వారికి సరిపోయేంతే.

"ఇంక ఎవరింటికీ రాను" అన్నాడు లోకనాథం. పార్వతీశం మళ్లీ రమ్మన్నాడు. రమ్మన్నాడే గానీ నా కళ్లలోకి చూడలేదు. అతని మీద నాకు కోపం రాలేదు.

4022వ రోజు. బుధవారం
సాయంత్రం 11. తెల్లారి 3.

ఆలోచన రవణమ్మది. పెట్టెలో దాచిన ఎండ లేకపోతే పచ్చి ఎండ మీదే పెడదామంది. బోరు ఆపాలి, పిండిమర ఆపాలి, చల్లగది ఆపాలి. తొమ్మిది పలకలూ మిషనుకే ఇవ్వాలి. పదింటి నుంచి రెండింటి దాకా. మబ్బు అడ్డం వస్తే బతికున్న మూడు అరలూ పది నిమిషాలు మోస్తాయి. ఆ పైన చేతిపిడే.

రవణమ్మ తల మీద తడిగుడ్డ వేసుకుని కప్పెక్కింది. నేను పిడి పట్టుకుని కూచున్నాను. గదిలో నలభై ఆరు డిగ్రీల వేడి.

"పడమటేపు చిన్నది వస్తన్నాది!" అని పైనుంచి అరుపు.

"ఎంతది?" అని లోకనాథం.

"నీ తలకాయంత."

"అయితే పెద్దదే."

అది దాటిపోయింది. నాలుగు గంటలూ నిండాయి. రవణమ్మ దిగేసరికి మోచేతులు బొబ్బలెక్కాయి. వెన్న రాశాను. సూర్యుడికి దండం పెట్టబోయి, ఒక్క క్షణం చెయ్యి లేవలేదు. తరవాత పెట్టాను.

4024వ రోజు. శుక్రవారం
సాయంత్రం 11. తెల్లారి 3.

ఎండ మీద రెండో పూట. నిండింది.

కేంద్రం జవాబు వచ్చింది. పెట్టె దిగిన నాటి నుంచి ఆదివారాలు ఐదు వందల డెబ్బై నాలుగు. అందులో ఐదు వందల డెబ్బై ఒక్క ఆదివారాలు పెట్టె మీద ద్రవం పోసినట్టు ఇంటివారే రాసి ఇచ్చారట. అందువల్ల గ్యారంటీ చెల్లదట. లెక్క సరిగ్గానే ఉంది. ఆ మూడు వారాలూ మాకు మైల.

కొత్త పెట్టె కావాలంటే ఏడు పలకలు ఇవ్వాలి. డబ్బు తీసుకోరు. కొత్త పలకలు ఎక్కడా తయారు కావడం లేదు, అందుకు.

రవణమ్మ నేల మీద బొగ్గుతో లెక్క వేసింది. ఏడు ఇస్తే రెండు మిగులుతాయి. ఆ రెండు పలకలకు పెట్టె నిండాలంటే ఐదు రోజులు. మిషనుకు రెండు రోజులకోసారి కావాలి. మళ్లీ వేసింది. మళ్లీ అదే వచ్చింది. కొంగుతో తుడిచేసింది.

పట్నం ఆసుపత్రిలో మిషన్లు నలభై ఐదేళ్ల లోపు వాళ్లకే. పోయినేడాదే అడిగాం.

4033వ రోజు. ఆదివారం
సాయంత్రం 10. తెల్లారి 2.

ఎండ మీద ఐదు పూటలు గడిచాయి. లోకనాథం రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు.

బోరు మూడు రోజులు ఆగుతోంది కనుక వారంలో నాలుగు రోజులే నీళ్లు. అవీ ఉప్పన. మెట్ట మీద అందరిదీ ఆ ఉప్పు గొడవే. పోయినేడు వాన లేదు. ఈ ఏడాది రోహిణి దాటిపోయింది. గింజ గాదెల్లోనే ఉంది. అందరూ తల పైకెత్తి మబ్బు కోసం చూస్తున్నారు. మా ఇంట్లో మేమూ తల పైకెత్తే చూస్తున్నాం. అది రాకూడదని.

వాన పట్టిందంటే రెండు నెలలు, మధ్యలో ఒకటీ రెండు రోజులే తెరిపి. ఇక్కడ అంతే.

4038వ రోజు. శుక్రవారం
సాయంత్రం 10. తెల్లారి 2.

మిషను నిండుగా నడిచింది.

సాయంత్రం పార్వతీశం వచ్చాడు, ఇంకో ముగ్గురితో. అరుగు మీద కూచోలేదు. నిలబడే ఉన్నారు. మెట్ట మీదికి వచ్చిన నాటి నుంచి వానకోసం అమ్మవారికి బిందెలు పోసేటప్పుడు మొదటి బిందె నాది. వయసు వల్ల కాదు. మొదటి ఏడాది నేను పోసిన మూడో రోజుకి కురిసింది. అప్పటి నుంచి అలా పడిపోయింది.

"ఆదివారం బిందెలు పోద్దామనుకుంటన్నాం" అన్నాడు పార్వతీశం. "నీకు ఇబ్బందైతే ఇంకొకరి చేత పోయిస్తాం అప్పా. నీ ఇంటి సంగతి మాకు తెలీందా?" అన్నాడు.

రేపు చెబుతానన్నాను.

వాళ్లు వెళ్లాక రవణమ్మ తలుపు వేసింది. "వెళ్తావేటి?"

"తెలీదు."

"తెలీదా! తమ్ముణ్ణి చంపమని నీ చేత్తో నీళ్లు పోసి అడుగుతావా?"

లోకనాథం మంచం మీద నుంచే అన్నాడు. "వెళ్లు పెద్దప్పా. నీ బిందె చూసి వాన వస్తాదా ఏటి? వస్తే నువ్వెళ్లకపోయినా వస్తాది. రాకపోతే మాత్రం, తమ్ముడి కోసం దాలమ్మ ఊరిని ఎండబెట్టిందన్న మాట నీకు మిగిలిపోద్ది."

"వస్తేనో?" అంది రవణమ్మ.

"వస్తే పార్వతీశం వాళ్లమ్మ మంచినీళ్లు తాగుతాది. మొన్న నా మూలంగా చావబోయింది గదా."

4040వ రోజు. ఆదివారం
సాయంత్రం 9. తెల్లారి 2.

వెళ్లాను. రవణమ్మ రాలేదు.

మొదటి బిందె పోశాను. ఊరు అడగమన్నది అడిగాను. ఇంకేమీ అడగలేదు. అడిగితే రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

తిరిగి వచ్చేసరికి రవణమ్మ నాకు కాళ్లు కడుక్కోను నీళ్లు పెట్టి ఉంచింది.

4043వ రోజు. బుధవారం
సాయంత్రం 4. తెల్లారి 0.

సోమవారం నిండుగా నడిచింది. అదే ఆఖరిదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ పదింటికి ఆకాశం తెల్లగా ఉంది. పెట్టాలా వద్దా అని రవణమ్మ, నేను ముఖాలు చూసుకున్నాం. పెట్టాం. పదకొండు దాటి పది నిమిషాలకు కప్పు మీద నుంచి రవణమ్మ పిలిచింది. ఈసారి ఎంతదో చెప్పలేదు. దిగి వచ్చి పిడి అందుకుంది.

తూర్పు నుంచి పడమర దాకా ఒకటే మబ్బు. ఈదురుగాలికి ఊళ్లో ఎవరో ఈల వేశారు.

4045వ రోజు. శుక్రవారం
సాయంత్రం 0. తెల్లారి 0.

మిషను లేదు. పలకల మీద ఎండ నాలుగో వంతు కూడా లేదు. సున్నాలైనా రాయాలని నియమం.

తవిటయ్య ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. సంచిలో పాత అరలు రెండు తెచ్చాడు. ఎక్కడివని అడగలేదు. బిగించాడు. పెట్టె రెండు నిమిషాలు మూలిగి, మళ్లీ ఆగిపోయింది. చచ్చిన అరలు ఆ రెండింటినీ, బతికున్న మూడింటినీ కూడా తినేశాయట. కూచుని ముఖం తుడుచుకున్నాడు. అతనికి కాఫీ ఇచ్చాను. "తప్పు నాదే అప్పా. దింపిన రోజే ఇవి గాలి బొక్కలని చెప్పాల్సింది" అన్నాడు.

చెప్పి ఉంటే వాటి పక్కన పసుపు రాసేదాన్ని. రాయడం మానేదాన్ని కాదు.

4047వ రోజు. ఆదివారం
సాయంత్రం 0. తెల్లారి 0.

వాన. మధ్యాహ్నం మొదలై ఆగలేదు. వీధిలో మనుషులు తడుస్తూ నిలబడ్డారు. పార్వతీశం తల్లిని మంచంతో సహా చూరు కిందికి తెచ్చారు.

లోకనాథం కాళ్లు పొంగాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది.

4050వ రోజు. బుధవారం
సాయంత్రం 0. తెల్లారి 0.

పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. వీపు వెనక దిండ్లు పెట్టి కూచోబెట్టాం. రాత్రి పగలు వంతులు వేసుకుంటున్నాం. రవణమ్మ తన వంతు అయిపోయినా లేవదు.

ఇవాళ అడిగాను. "నా మీద కోపముందా?"

"దేనికి?"

"పాలకి."

నవ్వాడు. "పెట్టె రాకముందు డాక్టరు నాకు రెండేళ్లన్నాడు. పదకొండయ్యాయి. తొమ్మిదేళ్లు నీ పాలు తాగే నడిచిందనుకో."

ఆ నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక, "నా తరవాత ఏడు పలకలిచ్చి పెట్టె తేకండి. మీ ఇద్దరికీ అదెందుకు? బోరుకి పలకలుంటే చాలు" అన్నాడు.

"నీ సలహా ఎవరడిగారు?" అంది రవణమ్మ. అతని నుదురు తుడుస్తూనే ఉంది.

నేను పక్కన కూచుని నామాలు చదివాను. కొన్ని చోట్ల తప్పాను. ఎప్పుడూ తప్పను.

4052వ రోజు. శుక్రవారం
సాయంత్రం 0. తెల్లారి 0.

వాన రాత్రి ఆగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లోకనాథం పోయాడు. తులసినీళ్లు పోశాను, ఒక్క గుటక పోయింది. రవణమ్మ చెయ్యి పట్టుకునే ఉంది.

కళ్లు మూసి, దీపం పెట్టాను. ఆరింటికి వాకిట్లో ఎడ్ల మువ్వలు. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.

పార్వతీశం, వెనక మెట్ట మీది మగవాళ్లందరూ. భుజాల మీద నాగళ్లు.

"నీ చేతి చలవ దాలమ్మప్పా. పదును జానెడు దిగింది" అని వంగి నా కాళ్లు ముట్టుకోబోయాడు. వెనక్కి జరిగాను. "ఆకాశం తేటపడిపోయింది. ఈ పూట విత్తేయాల. మధ్యాహ్నం ఎండకి పైపొర ఆరిపోద్ది. రెండేళ్ల గింజప్పా, ఇది పోతే ఇంక లేదు. నీ చేత్తో గుప్పెడు తీసిస్తే మొదలెడతాం."

చేట నా ముందు పెట్టాడు. మైల చేత్తో విత్తనం ముట్టుకోకూడదు.

"ఈ వేళ నా చెయ్యి వద్దు. నువ్వే మొదలెట్టు" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "లోకనాథం ఎలాగున్నాడు?"

ఊళ్లో శవం ఉంటే నాగలి కట్టరు. చెబితే ఈ పదకొండు నాగళ్లూ ఇళ్లకు తిరుగుతాయి. మోసేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, తలా ఒక పనికి వస్తారు. సాయంత్రం దాకా మా వాకిట్లోనే ఉంటారు. అంత మంచివాళ్లు.

"పడుకున్నాడు" అన్నాను. "మెల్లగా వెళ్లండి."

మువ్వల చప్పుడు కాకుండా ఎడ్ల మెడలు చేత్తో పట్టుకుని నడిపించుకుపోయారు.

లోపలికి వచ్చాను. రవణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అంతా విన్నది.

పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశాను.

"మధ్యాహ్నం దాకా ఏడవకు" అన్నాను.